చేయి ఎప్పుడు వదలాలి?

ప్రత్యేక అవసరాలున్న చిన్నపిల్లల చదువు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరేళ్లు, ఆ లోపు పిల్లల గురించే. రాసింది తల్లయినా, తాతయినా, టీచరైనా అందరి బాధా ఒక్కచోటికే వచ్చి ఆగుతోంది: "మేం చేయిస్తే చేస్తారు, వదిలేస్తే చేయరు." అందుకని ఆ విషయం చుట్టూ తిరిగే ఉత్తరాలనే ఏరాను. మిగతా వాటికి వచ్చే సంచికలో జవాబిస్తాను.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు నిండాయి. ఎదుగుదల ఆలస్యంగా ఉంది, ఏదైనా నేర్చుకోవడానికి టైము పడుతుంది అన్నారు డాక్టర్లు. ఇప్పటికీ ప్యాంటు నేనే తొడగాలి. "నువ్వే వేసుకో" అని చేతికిస్తే కింద పడేసి నా మొహం చూస్తాడు. ఎన్నిసార్లు చూపించినా రావడం లేదు. పొద్దున స్కూలు టైముకి నాకూ ఓపిక ఉండదు, నేనే వేసేస్తాను. గుండీల సంగతి సరేసరి. ఎలా నేర్పాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీవాడు మీ మొహం చూస్తున్నది బద్ధకంతో కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చూస్తున్నాడు. ప్యాంటు వేసుకోవడం మనకి ఒక్క పని, వాడికి చాలా పనులు. ముందువైపు ఏదో పోల్చుకోవాలి. నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకోవాలి. కూర్చోవాలి. ఒక కాలు దూర్చి, పాదం బయటికి వచ్చేదాకా లాగాలి. రెండో కాలు మొదటి కాలున్న వైపే దూరకుండా చూసుకోవాలి. లేచి నిలబడి మోకాళ్ల దాకా, తొడల దాకా, నడుము దాకా లాగాలి. వీటిలో ఒక్కటి రాకపోయినా మొత్తం పని ఆగిపోతుంది, మనమేమో "ప్యాంటు వేసుకోవడం రాదు" అని తేల్చేస్తాం. ఎక్కడ ఆగుతున్నాడో చూడటమే మీ మొదటి పని.

నేర్పడం మాత్రం చివరి నుంచి మొదలుపెట్టండి. అన్నీ మీరే చేసి, ప్యాంటు తొడల పైదాకా తెచ్చి ఆపండి. వాడి బొటనవేళ్లు రెండూ నడుము పట్టీ లోపలికి పెట్టించి, వాడి చేతుల మీద మీ చేతులు వేసి పైకి లాగండి. మీరు వాడి ఎదురుగా కాకుండా వెనకాల ఉండాలి. అప్పుడు వాడి చేతులు కదిలే తీరు, మీ చేతులు కదిలే తీరు ఒక్కటే అవుతుంది. ప్యాంటు నడుముకి చేరిన క్షణాన పని పూర్తయింది, పూర్తిచేసింది వాడు. మెచ్చుకోవాల్సింది అప్పుడే. ఆ ఒక్క మెట్టు అలవాటయ్యాక ప్యాంటును మోకాళ్ల దగ్గర ఆపండి. అది కూడా వచ్చాక ఒక కాలు మీరు తొడిగి రెండోది వాడికి వదలండి. మొదటి మెట్టు నుంచి నేర్పితే వాడు కొంచెం చేస్తాడు, మిగతాదంతా మీరు చేస్తారు, పూర్తయిన సంతోషం మీ ఖాతాలోకి పోతుంది. చివరి నుంచి నేర్పితే ప్రతిసారీ వాడి చేతిలోనే పని ముగుస్తుంది.

ఇక చేయి వదలడం గురించి చెప్తాను, చాలామంది నిర్లక్ష్యం చేసేది దీన్నే. వాడి చేతుల మీదున్న మీ చేతులు కొన్నాళ్లకి మణికట్టు దగ్గరికి రావాలి. అక్కణ్నుంచి మోచేతికి జరగాలి. తర్వాత మోచేతిని ఒక వేలితో తాకి వదిలేయాలి. ఆ తర్వాత ఊరికే వెనక నిలబడాలి. ఇది జరుగుతున్నంతసేపూ మాట్లాడకండి. "ఊఁ, లాగు, ఇంకా లాగు" అంటుంటే పిల్లవాడు ఆ మాట కోసమే ఎదురుచూడటం నేర్చుకుంటాడు. చేత్తో చేసే సాయాన్ని కొద్దికొద్దిగా తగ్గించవచ్చు. నోటితో చేసే సాయం అంత సులువుగా తగ్గదు. ఒకసారి చెప్పాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. మీ మాట వాడి చెవిన పడి, అర్థమై, చేతుల దాకా రావడానికి అంత టైము కావాలి. ఆ లోపే మళ్లీ చెప్తే వాడు మొదటికి వస్తాడు.

స్కూలుకి పరుగెత్తే వేళ ఇదంతా పెట్టుకోవద్దు. పొద్దున చివరి లాగుడు ఒక్కటి వాడికి వదిలి మిగతాది మీరే కానిచ్చేయండి. అసలు పాఠం సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు. ఎలాస్టిక్ నడుము ఉన్నది, ఒక సైజు పెద్దది తీసుకోండి. గోడకి ఆనుకుని పొట్టి స్టూలు మీద కూర్చోబెడితే పడిపోతానన్న భయం ఉండదు. భయం ఉంటే చేతులు పనిచేయవు.

గుండీలకి ఒక పాత చక్కని పద్ధతి ఉంది. ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరవడానికి ముందు, 1900 ప్రాంతంలో, బుద్ధిమాంద్యం ఉందంటూ అందరూ పక్కన పెట్టేసిన పిల్లలతో పనిచేశారు. అంతకు ముందు ఫ్రాన్స్‌లో అలాంటి పిల్లలకి చదువు చెప్పిన ఇటార్డ్, సెగ్వాన్‌ల రాతలు చదివి, ఆ దారిలో నడిచారు. ఈరోజు ఖరీదైన బడుల్లో కనిపించే మాంటిస్సోరి వస్తువులు చాలావాటికి మూలం మీవాడిలాంటి పిల్లలే. ఈ మాట తల్లిదండ్రులకి నేను పదే పదే చెప్తుంటాను. ఆ వస్తువుల్లో ఒకటి, చెక్క ఫ్రేముకి రెండు గుడ్డ ముక్కలు బిగించి మధ్యలో పెద్ద గుండీలు కుట్టినది. ఒంటి మీదున్న గుండీ గడ్డం కింద ఉంటుంది, కనపడదు, నిలబడి పెట్టుకోవాలి. ఫ్రేము మీది గుండీ కళ్ల ముందు ఉంటుంది. మీ పాత కోటునో, లావుపాటి చొక్కానో దిండుకి తొడిగి బల్ల మీద పెట్టినా అదే పని జరుగుతుంది. గుండీ సగం దాకా మీరు కాజాలోంచి బయటికి తీసి ఉంచండి. మిగతా సగం వాడు లాగుతాడు.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగేళ్లు. ఆటిజం అని చెప్పారు. సొంతంగా మాట్లాడడు, మేం అన్నదే తిరిగి అంటాడు. "నీళ్లు కావాలా?" అంటే "నీళ్లు కావాలా" అంటాడు. స్పీచ్ థెరపిస్ట్ బొమ్మల కార్డులు వాడమన్నారు. మా అత్తగారేమో కార్డులు అలవాటైతే ఇక నోరే తెరవడు అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఆ తిరిగి అనడం మాన్పించాలా? – మరో తల్లి

జవాబు: కార్డుల విషయంలో థెరపిస్ట్ మాట వినండి. మీ అత్తగారిది మనవడి మీద ప్రేమతో వచ్చిన భయం, ఆవిడని తప్పుపట్టను. ఇదే భయం ఎంతోమందికి ఉండబట్టి పరిశోధకులు దాన్ని తరచి చూశారు. మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు అంతకు ముందు జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి 2006లో ప్రచురించారు. గట్టి ఆధారం ఉన్న 27 మందిని లెక్కలోకి తీసుకుంటే, బొమ్మలూ సైగల వల్ల మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి మాట ఎంతో కొంత పెరిగింది, మిగతావాళ్లకి ఉన్నట్టే ఉంది. పెరుగుదల చాలామందిలో కొద్దిపాటిదే, కార్డు ఇవ్వగానే గలగలా మాట్లాడేస్తాడని ఆశపెట్టను. కానీ నోరు మూసుకుపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదని మీ అత్తగారికి ధైర్యంగా చెప్పండి.

కార్డులు ఎలా మొదలుపెడుతున్నారన్నది ముఖ్యం. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పెక్స్ అనే పద్ధతిలో మొదటి మెట్టుకి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. మీవాడికి సబ్బు బుడగలంటే ఇష్టం అనుకుందాం. మీరు ఎదురుగా బుడగల సీసా పట్టుకుని కూర్చుంటారు. ఇంకొకరు వాడి వెనకాల. మధ్యలో బుడగల బొమ్మ ఉన్న ఒకే ఒక్క కార్డు. వాడు సీసా కోసం చేయి చాపగానే వెనకున్నవాళ్లు ఆ చేతిని కార్డు మీదికి నడిపించి, తీయించి, మీ అరచేతిలో పెట్టిస్తారు. కార్డు మీ చేతిలో పడగానే మీరు "బుడగలు!" అని వెంటనే ఊదాలి. "ఏం కావాలి?" అని మీరు అడగకూడదు. "కార్డు ఇవ్వు" అని వెనకవాళ్లు అనకూడదు. అడిగితే ఇవ్వడం వేరు, కావాలని తానే వచ్చి చెప్పడం వేరు. మనకి కావాల్సింది రెండోది. వెనకవాళ్ల చేయి రోజురోజుకీ తప్పుకుంటుంది. తర్వాత మీరు దూరం జరుగుతారు, వాడు కార్డు పట్టుకుని మీ దగ్గరికి నడిచి రావాలి. మొదటిసారి అలా నడిచి వచ్చి చేతిలో కార్డు పెట్టిన పిల్లల్ని నేను చూశాను. ఆ రోజుల్లో వాళ్ల ఏడుపులు తగ్గుతాయి, ఎందుకంటే అడగడానికి ఏడుపు కాకుండా ఇంకో దారి దొరికింది.

తిరిగి అనడాన్ని మాన్పించకండి, దయచేసి. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే గమనించారు: ఈ పిల్లలు "అవును" అనడానికి బదులు అడిగిన ప్రశ్ననే తిరిగి అంటారని. తర్వాత 1980లలో మాట, భాషా సమస్యల నిపుణుడు బారీ ప్రిజాంట్ లాంటివాళ్లు ఆ మాటల్ని విడిగా పరిశీలించి, అందులో అడగడం, ఒప్పుకోవడం, తన వంతు అందుకోవడం, కంగారులో తనను తాను సముదాయించుకోవడం అన్నీ ఉన్నాయని చూపించారు. మీవాడు "నీళ్లు కావాలా" అంటూ గ్లాసు వైపు చూస్తుంటే అది జవాబే.

అందుకని ప్రశ్న వేయడం తగ్గించండి. వాడు గ్లాసు వైపు వెళ్తున్నప్పుడు వాడు అనాల్సిన మాటను మీరే అనండి: "నీళ్లు కావాలి." అని ఆగండి. వాడు ఎలాగూ మీ మాటే తిరిగి అంటాడు, అది ఇప్పుడు సరైన మాట అవుతుంది. గ్లాసు ఇవ్వండి. కొన్నాళ్లకి "నీళ్లు..." అని మీరు సగంలో ఆగితే మిగతాది వాడు పూర్తిచేస్తాడు. ఇంకొన్నాళ్లకి ఊరికే వాడి వైపు చూసి ఎదురుచూడండి. "సరిగ్గా చెప్తేనే ఇస్తాను" అని గ్లాసు పైకెత్తి పట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. దాహం వేసిన పిల్లవాడికి అది పాఠం కాదు, శిక్ష.

ప్రశ్న: నేను ఒకటో తరగతి చెప్తాను. నా క్లాసులో డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప చేరింది. మంచి పిల్ల, అందరితో కలిసిపోతుంది. కానీ నేను చెప్పింది చేయదు, పక్కవాళ్లని చూసి చేస్తుంది. అక్షరాలు దిద్దలేకపోతోంది. ఒక ఆయాను పాప పక్కనే రోజంతా కూర్చోబెడతామని హెడ్‌మాస్టరు గారు అన్నారు. మంచిదేనా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ముందు పాపకి వినికిడి పరీక్ష చేయించారో లేదో ఇంట్లోవాళ్లని అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చెవి లోపల ద్రవం చేరి వినికిడి తగ్గడం చాలా మామూలు. ఒక వారం బాగా వినిపిస్తుంది, జలుబు చేసిన వారం వినిపించదు. దాంతో "నిన్న విన్నది, ఇవాళ కావాలని వినడం లేదు" అనిపిస్తుంది. మొదటి వరసలో, మీ మొహం కనపడేలా కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి.

పక్కవాళ్లని చూసి చేస్తోందంటే నాకు సంతోషంగా ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి విన్నదాన్ని గుర్తుపెట్టుకోవడం కష్టం, చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక. పాప తన బలాన్ని తనే కనిపెట్టుకుంది. మీరూ ఆ దారినే వెళ్లండి. "పుస్తకం తీసి, పన్నెండో పేజీ తెరిచి, బొమ్మకి రంగు వేయండి" అంటే మూడు మాటల్లో రెండు జారిపోతాయి. పుస్తకం పైకెత్తి చూపించండి, పేజీ తెరిచి చూపించండి, రంగు పెన్సిల్ చూపించండి.

చదవడానికీ ఇదే మాట. 1980లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో సూ బక్లీ అనే మానసిక శాస్త్రవేత్తకి ఒక తండ్రి ఉత్తరం రాశారు, డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతురు చిన్ననాటి నుంచే కార్డుల మీది మాటలు చూసి చదవడం నేర్చుకుందని. ఆ ఉత్తరంతోనే ఈ పిల్లల చదువు మీద ఆవిడ పరిశోధన మొదలైంది. పెద్దగా మాట్లాడలేని పిల్లలు కూడా మాట మొత్తాన్ని చూపుతో గుర్తుపట్టగలరు, అలా చదివిన మాటలు నెమ్మదిగా నోటికి వస్తాయి. వర్ణమాల అంతా వచ్చాకే మాటలు అని పట్టుబట్టకండి. పాప పేరు, "అమ్మ", "బంతి" లాంటి తనకి పనికొచ్చే మాటలు పెద్ద అక్షరాల్లో రాసి, మొదట ఒకేలాంటి రెండు కార్డులు జతపరచమనండి. తర్వాత "అమ్మ ఏదీ?" అంటే తీసి ఇవ్వమనండి. ఆఖరున చదవమనండి. చదవమనడంతో మొదలుపెడితే ఓడిపోతుంది.

దిద్దడానికి వస్తే, ఈ పిల్లల కండరాల్లో బిగువు తక్కువ, కీళ్లు వదులు. కాగితం మీద పెన్సిల్ నొక్కి పట్టడమే పెద్ద పని. గోడకున్న బోర్డు మీద పొట్టి సుద్దముక్కతో, భుజం మొత్తం కదిలేలా పెద్ద పెద్ద సున్నాలు వేయించండి. అఆలలో మొదటిది కాబట్టి "అ"తోనే మొదలుపెట్టాలని ఏమీ లేదు, దానిలో మెలికలు ఎక్కువ. సున్నా, "ర", "గ", "ట" లాంటివి ముందు రానివ్వండి.

ఇక ఆయా సంగతి. రోజంతా పక్కన కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నుంచి 2008 దాకా పీటర్ బ్లాచ్‌ఫర్డ్ బృందం ఎనిమిది వేలకు పైగా పిల్లల్ని పరిశీలించింది. సహాయకుల దగ్గర ఎక్కువసేపు గడిపిన పిల్లలు, వాళ్లలాంటి ఇతర పిల్లలకంటే చదువులో తక్కువ ముందుకెళ్లారని తేలింది. తప్పు సహాయకులది కాదు. పక్కన ఒకరున్నారు కదా అని టీచరు ఆ పిల్ల దగ్గరికి రావడం తగ్గుతుంది, తోటి పిల్లలు దూరమవుతారు, సహాయకులేమో పని పూర్తయితే చాలని తామే చేసిపెడతారు. ఆయాను క్లాసు మొత్తానికి వాడుకోండి. ఆవిడ మిగతా పిల్లల నోటు పుస్తకాలు చూస్తుంటే, మీరు పాప దగ్గర కూర్చోండి. ఆ క్లాసులో చదువు చెప్పడం తెలిసినవారు మీరు. ఎక్కువ అవసరం ఉన్న పిల్లకి మీరే దక్కాలి.

ప్రశ్న: నా మనవడికి అయిదేళ్లు. ఉయ్యాల దిగమన్నా, స్కూలు వ్యాన్ వచ్చిందన్నా నేల మీద పడి దొర్లుతాడు. మొండితనమా, జబ్బా? రెండు దెబ్బలు వేస్తే తగ్గుతుందని కొందరంటున్నారు. – ఒక తాతయ్య

జవాబు: దెబ్బలు వద్దండీ. పెద్దవారు, చనువుగా చెప్తున్నాను, దెబ్బకి ఆగినవాడు భయానికి ఆగుతాడు, మళ్లీసారి ఏం చేయాలో మాత్రం నేర్చుకోడు.

ఒక పని ఆగి ఇంకో పని మొదలయ్యే చోటే గొడవ వస్తోందని మీరు రాసిన దాన్నిబట్టి తెలుస్తోంది. తర్వాత ఏమవుతుందో వాడికి తెలియడం లేదు. చూపించండి. ఒక అట్ట మీద ఎడమవైపు ఇప్పటి పని బొమ్మ, కుడివైపు తర్వాతి పని బొమ్మ: "ముందు ఉయ్యాల, తర్వాత ఇల్లు." దిగడానికి కాస్త ముందు ఒకసారి చూపించి, ఇసుక గడియారమో, వంటింటి టైమరో పెట్టండి. ఇసుక అయిపోతేనో, టైమరు మోగితేనో దిగాలి, మీరు చెప్పినందుకు కాదు. టైము అయ్యాక "ఇంకొక్కసారి" అని మీరే కరిగిపోకూడదు. అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఎరిక్ షాప్లర్ బృందం 1972 నుంచి ఆటిజం ఉన్నవాళ్ల కోసం ఆ రాష్ట్రమంతటా నడిపిన టీచ్ (TEACCH) కార్యక్రమంలో ఇలాంటి బొమ్మల దినచర్య ఒక ముఖ్యమైన పనిముట్టు. వ్యాన్ విషయంలో ఇంకోటి కూడా గమనించండి: హారన్ మోతా, లోపలి కేకలూ వాడి చెవులకి భరించలేనంతగా ఉన్నాయేమో. చెవులు మూసుకుంటున్నాడా? అయితే కారణం వేరు, మందూ వేరు.

ఈ సాయాన్ని ఎప్పుడు తీసేయాలని అడగకండి. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ని ఎప్పుడు తీసేస్తావని మనం అడగం కదా. బొమ్మల బదులు రేపు రాతలొస్తాయి, అంతే. దొర్లుతున్నప్పుడు మాత్రం హితబోధలు వద్దు. పక్కన కూర్చోండి, దెబ్బ తగలకుండా చూడండి.

ప్రశ్న: మా పాపకి అయిదేళ్లు, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది. రోజూ రెండు గంటలు కూర్చోబెట్టి రంగులు చెప్పిస్తున్నాను. కార్డు చూపిస్తే "ఎరుపు" అని టక్కున చెప్తుంది. నా ఎర్ర చొక్కా చూపిస్తే దిక్కులు చూస్తుంది. వచ్చినట్టా, రానట్టా? – ఒక తండ్రి

జవాబు: కార్డు వచ్చింది, ఎరుపు ఇంకా రాలేదు. అదే కార్డు, అదే బల్ల, అదే నాన్న గొంతు. పాప ఆ మొత్తాన్ని కలిపి "ఎరుపు" అనుకుంటోంది. చాలామంది పిల్లల్లో ఇది మామూలే, కంగారుపడకండి. రెండు గంటలు మాత్రం ఆపేయండి, ఆ వయసులో ఏ పిల్లకీ అది న్యాయం కాదు. అయిదేసి నిమిషాలు, రోజులో నాలుగు చోట్ల చాలు. ఎర్ర బంతి, ఎర్ర మగ్గు, ఎర్ర రిబ్బను ఒక బుట్టలో వేయించండి, నీలం బంతినీ నీలం మగ్గునీ ఇంకో బుట్టలో. బంతులు రెండు రంగుల్లోనూ ఉంటేనే, ఎరుపంటే ఆకారం కాదని తనకి తెలుస్తుంది. ఒకరోజు మీరు, ఒకరోజు అమ్మ అడగండి. ఇంట్లో ఏ వస్తువులు వాడారో టీచరుకి రాసి పంపండి, అవే వస్తువులతో అక్కడా అడుగుతారు. ఇవాళ్టికి కార్డులు పక్కన పెట్టి, మీ చొక్కాతోనే మొదలుపెట్టండి.